గమ్మునుండే గది

కొండ దిగే ఆఖరి బస్సులో
కునుకు పట్టదు నాకు.
పొద్దుట్నించి నా కత్తి కింద తల వంచిన పసిబిడ్డలు
చెవుల్లో ఇంకా ఏడుస్తూనే ఉంటారు.
కల్యాణకట్టలో తొమ్మిదేండ్లు.
ఎవరి మొక్కో, ఏ ఊరి జుట్టో
రవిక మడతల్లో ఇరుక్కుని
నాతోపాటు జీవకోన దాకా వస్తుంది.

ఆ ఏడు మాకు బాగలేదు.
చంద్రగిరి దారిలో టెంపో తిరగబడి
చెంగల్రాయుడి కాల్లో రాడ్డు పడింది.
ఫైనాన్సు వాళ్ళ ఫోన్లు
సరిగ్గా మొదటి ముద్ద కలిపేటప్పుడే వచ్చేవి.
నేను గిన్నె దించినా చప్పుడే, తలుపు వేసినా చప్పుడే.
ఒక రాత్రి మా మునిప్రియ, రెండో తరగతి,
దుప్పట్లోంచి తల బయటపెట్టి అనింది:
"మా, నువ్వు మెట్లెక్కేది వినిపిస్తానే
ఇల్లు ఊపిరి బిగబట్టుకుంటుంది."

కొట్టినా బాగుండేది.

మరుసటి రోజు మెట్ల మీదే ఆగిపోయినా.
కింద నుంచి ఏడోది, అంచు విరిగిన మెట్టు.
అక్కడ కూర్చుని కుచ్చిళ్ళు దులిపినా,
మోచేతుల మీది వెంట్రుకలు ఒక్కొక్కటీ ఏరి
శేషాచలం మీంచి దిగే గాలికి వదిలినా,
ఏ ఊరిది ఆ ఊరికి తీసకపోనీ అని.
గుండె కత్తి దించేదాకా
లేవలేదు.

కొన్నది ఏమీ లేదు. డబ్బేది?
తీసేసినవే అన్నీ.
ట్యూబులైటు తీసేసి
ఇంటామె గొడ్లపాకలో మూలపడిన
పసుపు బల్బు అడిగి తెచ్చుకున్నా.
వాయిదా తేదీలకు సున్నాలు చుట్టిన క్యాలెండరు
మడిచి బీరువా వెనక్కి తోసినా.
ఫంక్షన్ హాలు వైపు కిటికీకి
అత్త పాత బొంత తడిపి కట్టినా.
బ్యాండు మేళం ఆ నీళ్ళలో నాని
లోపలికొచ్చేసరికి
వేరే ఊరి పెళ్ళయ్యేది.

ఫోన్ను బియ్యం డబ్బాలో పూడ్చినా.
మోగదని కాదు, మోగుతుంది.
గింజలు గింజలుగా వణికి ఊరుకుంటుంది.
పొద్దున్నే ఆ బియ్యమే కడిగి ఎసట్లో పోస్తా;
ఎత్తని ఫోన్లు తిని బడికి పోతుంది బిడ్డ.

అన్ని రాత్రులూ కుదర్లేదు.
ఒకనాడు పాలు విరిగినాయని
పిల్ల వీపు మీద చెయ్యి పడింది.
అర్ధరాత్రి మళ్ళీ పోయి మెట్టు మీద కూర్చుంటే
వీధి కుక్క వచ్చి కాళ్ళ కాడ పడుకుంది,
ఏమీ అడక్కుండా.

కుళాయి ఒకటి మిగిలింది. టప్, టప్.
నాకు చేత కాలేదు.
ఒక మధ్యాహ్నం నేను లేనప్పుడు
చెంగల్రాయుడు మంచం దిగి, గోడ పట్టుకుని,
సైకిలు ట్యూబు ముక్క గుండ్రంగా కోసి బిగించినాడు.
ఆ రాత్రి ముగ్గురం
పడని చుక్క కోసం చెవులు రిక్కించి
చాలాసేపు మేలుకునే ఉన్నాం.
"విన్నావా?" అన్నాడు.
"ఏముంది వినేదానికి?"
"అదే."

సంగటిలోకి ఊరిబిండి నూరేటప్పుడు మాత్రం
రోలు చప్పుడు ఉండనీమంటుంది మునిప్రియ.
అది మన చప్పుడంట.

ఫైనాన్సు మనిషే వచ్చినాడు ఒక సాయంత్రం.
బూట్లు బయట విప్పమన్నా.
గొంతెత్తబోయినాడు.
హోంవర్కు మీంచి తల ఎత్తకుండానే
"గమ్మునుండన్నా, నాయన పడుకున్నాడు" అనింది బిడ్డ.
చెంబెడు నీళ్ళు తాగినాడు.
పసుపు వెలుతురులో అతని మొహం
నేను రోజూ చూసే మొహాల్లాగే ఉంది,
కత్తి తాకక ముందు, మెడ వంచే క్షణాన.
తేదీ చెప్పినాడు. ఒక్క రూపాయి తగ్గించలేదు.

తలుపు వేసి, వెనకే నిలబడినా.
అడుగులు దిగినాయి, దిగినాయి,
ఏడో మెట్టు కాడ
ఆగినాయి.