పద్నాలుగు మెట్లు

జ్ఞానాపురంలో, పిండిమర పైన బడి.
బోర్డు లేదు. ఉండేదట, గాలివానకి పోయిందట,
మళ్ళీ పెట్టించే డబ్బులతో ఊయల కొన్నారట.
మెట్లు పద్నాలుగు.
లెక్క నాకు అలవాటు. పోర్టులో టాలీ క్లర్కుని.
ఓడ కడుపులోంచి ఏం దిగినా
ముందు నా పెన్సిలు గీత కింద పడాలి.

ఆ రోజు చంకలో ఫైలు, చేతిలో కనక.
ఫైలే బరువు.
కేజీహెచ్ చీటీలు, స్కానింగులు,
పుట్టినప్పుడు ఎంత తూగింది, ఎన్ని నిమిషాలకి ఏడ్చింది,
మెడ ఏ నెలలో నిలిపింది.
అంతకుముందు మూడు బడులు
"మిగతా పిల్లలకి ఇబ్బందండీ" అని
ఎంతో మర్యాదగా గేటు దాకా సాగనంపిన సంగతీ
అడిగితే తేదీలతో సహా చెప్పగలను.

ఫిలోమినా టీచరు ఫైలు అందుకుని
బల్ల మీద పెట్టి, కాగితాలు ఎగరకుండా
సుద్దముక్కల డబ్బా దాని మీద పెట్టి
అడిగారు:
"మీ పాప దేనికి నవ్వుతుంది?"

కింద మర ఆడుతోంది.
నేల సన్నగా వణుకుతోంది.
రాజ్యం వైపు చూశాను.
తను కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.
తొమ్మిదేళ్ళు.
దేనికి ఏడుస్తుందో ఇద్దరం అప్పజెప్పగలం:
కుక్కరు కూత, తలంటు, గౌను వెనక లేబులు, పెళ్ళిమేళం.
నవ్వా?

"పరవాలేదు, చూసి చెప్పండి" అన్నారు.
ఫీజు ఎంతో ఆయా నూకాలు చెప్పింది,
అదీ నేను మూడోసారి అడిగాక.

మొత్తం పదకొండు మంది.
డేనియల్ తలుపు తీసి మూస్తాడు, మూసి తీస్తాడు.
మానమంటే మానడని
గేటు మాస్టారని పేరు పెట్టి వాడికి ఉద్యోగమే ఇచ్చేశారు.
పదిహేడేళ్ళ సత్తెవతి
టిఫిను డబ్బా మూత వాసన చూసి ఎవరిదో చెప్తుంది.
ఒక్కసారి తప్పింది, ఆ రోజు వాళ్ళమ్మ ఊళ్ళో లేదు,
వండింది పిన్ని.

మార్కుల్లేవు. డైరీ ఉంది.
"ఎడమ చెప్పు తనే వేసుకుంది.
కుడిది నూకాలుకి వేయబోయింది."
ఇంకో రోజు: "ఈరోజు ఏమీ జరగలేదు. బాగుంది."
ఆ మాట రెండుసార్లు చదివాను.

అంతా బాగుందని చెప్పను.
ఆగస్టులో నా మణికట్టు కొరికింది, మచ్చ ఉంది.
బస్సులో ఒకావిడ తన పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.
ఒక రాత్రి రాజ్యం "మన తరవాతో?" అంది.
తిరిగే ఫ్యాను వంక చూస్తూ పడుకున్నాం.
దానికి ఫైలూ లేదు, డైరీ లేదు.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం
డ్యూటీ మారి ముందే వెళ్ళాను.
పదకొండో మెట్టు మీదుండగా కరెంటు పోయింది.
మర ఆగింది.
డాల్ఫిన్స్ నోస్ పక్క నుంచి లోపలికొస్తున్న ఓడేదో
పొడుగ్గా కూత వేసింది.
పైనుంచి నవ్వు.
ఎవరి పాపో అనుకున్నాను.
మళ్ళీ కూత. మళ్ళీ అదే నవ్వు,
పొట్ట పట్టుకుని కింద పడి దొర్లే నవ్వు.
గేటు మాస్టారు తలుపు తీశాడు.

కిటికీ ఊచలకి నుదురు ఆనించి, కనక,
ఇంకో కూత కోసం.
"రోజూ ఇదే వరస బాబూ, నువ్వు చూడ్నేదేటి?"
అంది నూకాలు, గిన్నెలు సర్దుతూ.

ఇరవై రెండేళ్ళుగా ఆ కూతల కిందే అన్నం తింటున్నాను.

ఆ రాత్రి రెండున్నరకి
బొగ్గు దింపేసిన ఓడ ఒకటి బెర్తు వదిలింది.
కూత వేసినప్పుడు
కంచరపాలెం వైపు చూశాను.
అన్నీ లైట్లే, మా ఇల్లు ఏదో తెలీదు.
షీటులో ఒక గీత ఎక్కువ పడింది.

పొద్దున సూపర్‌వైజరు అడిగాడు,
ఇదేంటి, ఒకటెక్కువుంది?
దిగిందండీ, అన్నాను.