మేం వద్దన్న ఫోటోలు

తుపానొచ్చినప్పుడల్లా వచ్చేవోరు మా పేటకి,
మెడల్లో నల్లతాళ్ళేసుకుని.
"చెయ్యి చాపమ్మా, పొట్లం కేసి చూడమ్మా" అనేవోరు.
మా నీలరత్నం చెయ్యి ఒకసారి పేపర్లో పడింది.
చెయ్యే. మనిషి పడలేదు.

ఈ పిల్ల పేరు రెబ్కా,
కాకినాడ, జగన్నాథపురం వంతెన దగ్గరంట.
నెల్లాళ్ళు కెమెరా సంచీలోంచి తియ్యలేదు.
మాతో నావెక్కింది, పాటు నీళ్ళలో దిగింది,
మడ వేళ్ళ సందులో చెయ్యి పెట్టి
పీతతో కరిపించుకుని
మా అత్త తిట్టే తిట్టొకటి
తప్పులేకుండా తిట్టింది.
ఆ రోజు ఒప్పుకున్నాం, తీసుకోమని.

తీసినయ్యన్నీ రాత్రిపూట తెల్లగుడ్డ మీద వేసేది.
ఐసు పెట్టెల మీద కూచునేవోళ్ళం.
ఇది ఉండనీ. ఇది తీసెయ్.
గుల్లల కుప్ప మీద పట్టుచీరతో నాగేశ్వరి, ఉండనీ.
(వెనకాల సముద్రం రానీకు,
రోజూ చూసేదేగా, అని ముందే చెప్పింది.)
ఖాళీ గిన్నె పక్కన ఏడుస్తున్న బుడ్డోడు, తీసెయ్.
వాడేడ్చింది బొంగరం ఏట్లో పడిపోయి.
రెబ్కా కాసేపు మాటాడలేదు.
"చాలా బాగా వచ్చిందండి అది."
"బాగానే వచ్చింది. తీసెయ్."
తీసేసింది.

మా అత్తకి ఒక కన్ను పోయింది, తిల్ల పాలు పడి,
పుల్లలు కొట్టేటప్పుడు,
నేను కాపరానికి రాకముందు.
ఎవడొచ్చినా వాడికా కన్నే కావాలి,
దగ్గరికొచ్చి, ఇంకా దగ్గరికొచ్చి.
రెబ్కా కెమెరా చేతికిస్తే అటూ ఇటూ తిప్పి
"దీనికీ ఒకటేనేంటే కన్ను!" అంది.
మేమంతా ఓ కన్ను మూయలేక
మూతులు వంకర్లు తిప్పుతుంటే
ఆవిడకి మూసే పనే లేదు.

నిన్న వలలారేసే గెడలకి ఫోటోలు కట్టేం,
బట్టల క్లిప్పులెట్టి.
ఎండు రొయ్యల వాసన, ఈగలు, గాలి.
యానాం నుంచి కూడా జనం వచ్చేరు.
ఎవరి ఫోటో పక్కన వాళ్ళే నిలబడి
ఎప్పుడు, ఎక్కడ, ఏ పోటులో తీసిందో
అడక్కుండానే చెప్పేసేరు.

మా అత్త తీసింది నడిమధ్యన ఉంది.
నడుం లోతు బురదలో దిగబడిపోయి
రెండు చేతులూ మా కేసి చాపిన రెబ్కా.
ఉంచమంటావా, తీసెయ్యమంటావా, అనడిగేం.
సిగ్గుపడింది. ఉండనీండి అంది.

కింద ఏం రాయాలంటే
అత్త చెప్పింది, మా అమ్మాయి రాసింది:

"తీసినది సంగాని నూకాలు.
తీసేక పైకి లాగేం."