సైడుపిన్ను

మలక్‌పేట రైలు వంతెన కింద
మోకాలి లోతు నీళ్లలో
తొంభై ఏడు మోడల్ మారుతి
రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
జలమండలిలో ఇరవై రెండేళ్లుగా బిల్లులు వేస్తున్నదాన్ని
చివరికి నీళ్లకే దొరికిపోయాను.
వెనక హారన్లు. ముందు ఒక ఆటో, తేలుతున్న చెప్పు.
ఎవరో ఇద్దరు కుర్రాళ్లు ప్యాంట్లు మడిచి దిగి
"స్టీరింగ్ పట్టుకో అక్కా, చాలు" అన్నారు.

ఆదివారం సెల్లార్లో బానెట్ ఎత్తాను.
ప్లగ్గు పానా, పాత పళ్లబ్రష్షు,
ఉప్పుకాగితం, చిరిగిన నూలు చీర ముక్క.
యూసుఫుద్దీన్ చాచాకి ఫోన్ కలిపాను.
చంచల్‌గూడలో షట్టర్ దించేసి నాలుగేళ్లు.
కళ్లు రెండూ పొరలు కమ్మి రిటైరయ్యాయి,
చెవులు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.

"ఫోను ఇంజన్ దగ్గర పెట్టు బేటీ."
పెట్టాను.
టపటపల మధ్య ఎక్కడో ఒక అడుగు తప్పుతోంది.
"మూడిట్ల ఒకటి పండుకున్నది.
ఒక్కొక్క వైరు పీకి చూడు.
ఏది పీకితే చప్పుడు మారదో
అదే దొంగ."

ఆఫీసులో కూడా ఈ పద్ధతి పెడితే బాగుండు అనుకున్నాను.
నా కుర్చీ గుర్తొచ్చి
ఆ ఆలోచన అక్కడే ఆపేశాను.

మూడోది దొంగ.
విప్పితే అంతా మసి, పెనం అడుగులా.
పళ్లబ్రష్షుతో తోముతుంటే
అసోసియేషన్ సెక్రటరీ విఠల్‌రావు గారు మెట్లు దిగి
నేల మీద నూనె మరకని, నన్ను, మళ్లీ మరకని చూసి
"మెకానిక్ రాలేదామ్మా?" అన్నారు.
"వచ్చాడండీ, ఫోన్లో ఉన్నాడు."

డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మ,
అద్దం మీద వదిలిన ఊపిరిలా.
తుడిచి, కార్బురేటర్ పక్కన చెయ్యి పెట్టానో లేదో
వేలికి ఏదో గుచ్చుకుంది.
టార్చి వేసి చూస్తే
యాక్సిలరేటర్ తీగ జారిపోకుండా
అడ్డంగా దూర్చి, కొసలు మడిచిన
నల్లటి సైడుపిన్ను.

నాది కాదు. నేను జుట్టు కత్తిరించుకుని పదేళ్లు.
ఈ బండికి నాది మూడో చెయ్యి.
ఆర్సీలో నాకు ముందు పేరు
పి. తులసాబాయి, బొగ్గులకుంట.
ఆమెదే అయి ఉండొచ్చు.
లేదా ఆ రాత్రి ఆమె పక్క సీట్లో కూర్చున్న మనిషిది.
రాత్రి అని ఎందుకనుకున్నానో తెలీదు.

విప్పుతూ పోతే ఇంకా చాలామంది ఉన్నారు లోపల:
సైకిల్ ట్యూబు ముక్కతో కట్టిన గొట్టం,
చిల్లు పూడాలని రేడియేటర్లో ఎవరో పోసిన పసుపు,
సిగరెట్ పెట్టె వెండికాగితం చుట్టిన ఫ్యూజు.
బండిని కంపెనీ సగమే చేసినట్టుంది.
మిగతా సగం
ఎక్కడికో ఆలస్యమైపోతున్న మనుషులు చేశారు.

సోమవారం రాణిగంజ్‌లో అసలు పిన్ను అడిగాను.
నాలుగు రూపాయలన్నాడు,
చిల్లర లేదని ఊరికే ఇచ్చాడు.
సాయంత్రం చాచాకి చెప్పాను.
"పాతది తుప్పు పట్టిందా?"
"లేదు."
"వదులయిందా?"
"లేదు చాచా, గట్టిగానే ఉంది."
"మరి దానికేం రోగం?"

కొత్తది పొట్లం కట్టి డాష్‌బోర్డులో
బీమా కాగితాల మధ్య పెట్టాను,
నాలుగో చేతికి పనికొస్తుందని.

తాళం తిప్పాను.
మూడు ప్లగ్గులూ ఒకేసారి లేచాయి.
సెల్లార్ గోడకి కొట్టి తిరిగొస్తున్న చప్పుడులో
ఒక్క అడుగూ తప్పలేదు.
"ఆపేయనా చాచా?"
అటు నుంచి కాసేపు ఏమీ లేదు.
"ఉండనీ బేటీ. ఇంకొంచెం సేపు."

పెట్రోలు ధర గుర్తొచ్చింది.
ఫోన్ బానెట్ అంచు మీద పెట్టి
చీర ముక్కతో
చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను.