డెబ్బై రెండు కిలోలు

పొద్దుగాల నాలుగున్నరకు
పట్టాల మీద నడుస్త నేను,
ఒక చేతిల సుత్తె, ఒక చేతిల టార్చి.
ఒక్కొక్క బోల్టును తట్టి ఇంట.
బిగిసిన ఇనుము గంట తీరు మోగుతది,
వదులైంది దగ్గుతది.

రాస్ అల్ ఖైమా, సముద్రం ఒడ్డు.
మా కోస్టర్ పేరు షాహీన్.
దుబాయ్‌ల ఉన్నంత పెద్దది కాదు,
పద్దెనిమిదేండ్ల పాతది, ఉప్పుగాలికి రంగు లేస్తది,
ఎండకాలం పగలంత బంద్.
కడ్డీ ముట్టుకుంటే తోలు అతుక్కుంటది.

మనుషులు ఎక్కకముందు బొమ్మలు ఎక్కుతయి.
పసుపు ప్లాస్టిక్ మొండాలు, తలల్లేవు, కాళ్లు లేవు.
పైపుతోని నీళ్లు నింపుత,
ఒక్కొక్కటి డెబ్బై రెండు కిలోలు, ఇరవై నాలుగు మంది.
టేక్ బహాదుర్ ఒకదానికి మీసాలు గీసి
సూపర్‌వైజర్ రొడెల్ పేరు పెట్టిండు.
రొడెల్ చూసి నవ్విండు, తుడువమనలే.

మాపటికి నా పని మారుతది.
కడ్డీ గుంజు, నొక్కు, బొటనవేలు లేపు.
గుంజు, నొక్కు, లేపు.
పదకొండేండ్లు.
పైకి పోయేటప్పుడు ఎవ్వల భాష వాళ్లది,
కిందికి పడేటప్పుడు అందరిది ఒకటే అరుపు
అనుకునేటోన్ని.

శుక్రవారం శుక్రవారం ఒకామె వస్తది
ఆరుగురు పిల్లలతోని. తన పిల్లలు కాదు.
బయటి గేటు కాడ నిలబడుతది
ఆరు జతల చెప్పులు, మూడు ఫోన్లు, ఒక ఇన్‌హేలర్ పట్టుకొని.
ఒకనాడు అడిగింది,
"పైనుంచి ఏం కనపడుద్దండీ?"
నాది తెలుగని ఎట్ల తెలిసిందంటే,
"జనాన్ని తెలుగులో లెక్కెడతన్నారు కదండీ.
ఆయ్, మాది రాజోలు."
సముద్రం కనపడుతదని చెప్పిన.
ఎక్కింది ఎన్నడు? ఒక్కసారి లేదు.

మార్చి నెలల బొమ్మ ఒకటి పగిలింది, మీసాలదే.
బరువు తక్కువైతే టెస్టు చెల్లదు.
రొడెల్ నన్ను కిందికి మీదికి చూసి
సామాను తూచే కాంట మీద నిలబెట్టిండు.
అరవై ఎనిమిది.
నాలుగు కిలోల ఇసుక సంచి ఒళ్లె పెట్టి కట్టిండు.
రూలు కాదని ఇద్దరికీ తెలుసు.
ముందట, ఎనక, పక్కన తలల్లేని మనుషులు.
నా కడ్డీ నేనే గుంజుకున్న, నేనే నొక్కుకున్న.
బొటనవేలు ఎవ్వలికి లేపాలె?

గొలుసు కటకట గుంజుకపోయింది.
కొసకు మూడు సెకండ్లు ఆగుతది, అది ఎరుకే.
మూడు సెకండ్లు గంత పొడుగుంటయని ఎరుక లేదు.
సముద్రం ఉంది, అబద్ధం కాదు.
అటుదిక్కు కొండను తొలిచే క్వారీ, తెల్ల దుమ్ము.
మా క్యాంపు మిద్దె మీద తాడు,
తాడు మీద నా నీలం లుంగీ,
రాత్రి గాలికి ఒక్క క్లిప్పు మీద ఏలాడుతుంది.
పడుతదా ఏంది అనుకునేసరికి
పడ్డది నేను.

అరువలే. అరిచేటందుకు నోరు తెరిచిన,
మూడో మలుపుల ఎడమ చక్రం కింద
టక్.
సుత్తెకు దొరకని దగ్గు.
నోరు మూసుకొని ఇన్న.

దిగినంక కాళ్లు వణుకుతనే ఉన్నయి.
రిజిస్టర్ల రాసిన: మూడో మలుపు, ఎడమ, నూట పద్నాలుగు.
ఎట్లుంది, అని రొడెల్ అడిగిండు.
వాషర్ మార్చాలె, అన్న.

మల్ల శుక్రవారం ఆమెకు లుంగీ సంగతి చెప్పిన.
"మరి పడిపోయిందా అండీ?" అని నవ్వింది.
అంతల చిన్నపిల్ల మొండికేసింది, ఒక్కతే ఎక్కదట.
మేడం ఫోన్ల నుంచి తల ఎత్తకుండ
ఆమె దిక్కు చెయ్యి చూపిచ్చింది: నువ్వెక్కు.

చెప్పులన్ని నా కాళ్ల కాడ పోసింది,
తనయి కలిపి ఏడు జతలు.
కడ్డీ గుంజిన. నొక్కిన. ఇంకోసారి గుంజిన.
"సత్యవేణండీ నా పేరు," అన్నది, ఎందుకో, అప్పుడు.
బొటనవేలు లేపిన.

ఇరవై నాలుగు గొంతులు పైనుంచి పడ్డయి.
అండ్ల ఒకటి
"ఓర్నాయనోయ్" అన్నది,
సాఫ్‌గ, రాజోలు దాక ఇనపడేటట్టు.

మూడో మలుపు.
చెవులు రిక్కిచ్చిన.
టక్ లేదు.
ఇన్‌హేలర్ నా జేబుల ఉన్నదా లేదా అని
ఇంకోసారి తడిమి చూసుకున్న.