తాడు కన్నం

పొద్దున మొదటి గుడికి తాళం.
రెండోదానికి కొత్తగా టైల్సు వేశారు.
పాస్టరు గారు చెప్పులు విప్పించి మరీ చూపించారు
శిలువ చుట్టూ నీలంగా, ఎర్రగా వెలిగే బల్బుల దండ.
"పాత సున్నం మొత్తం గీకించేశామండి," అన్నారు సంతోషంగా.
నేనూ బాగుందనే అన్నాను.

నరసాపురం దాటాక
రొయ్యల చెరువుల మధ్య మట్టి గట్టు.
రెండు పక్కలా చక్రాలు నీళ్లను చిలుకుతున్నాయి.
స్కూటీ ఆపి అడిగితే
మేత బస్తా దించుతున్న కుర్రాడు
గడ్డంతోనే దారి చూపించాడు.
"దొరల గుడా? తాళం సువార్తమ్మ దగ్గరుంటాదండి."

సువార్తమ్మ లేసు అల్లుతోంది.
ఈ వరస అయ్యేదాకా లేవనంది.
లేవలేదు.
కొంగు ముడిలో వక్కలతో పాటు తాళంచెవి,
అరచెయ్యంత.

లోపల గబ్బిలాల వాసన, తడిసిన సున్నం వాసన,
ఎవరో ఆరబోసుకున్న ధాన్యం.
బల్లలు పదకొండు. పన్నెండోది తుఫానుకి పోయింది.
ఏ తుఫానంటే, "ఏదో ఒకటి" అంది.
గోడ మీద బొగ్గు గీతలు, వరదకొకటి.
ఎనభై ఆరు గీత నా భుజం దగ్గర.

నేనొచ్చింది నేలలోని రాయి కోసం.
మూడేళ్ల తెల్ల పాప, విషజ్వరం.
ఇంగ్లీషు అక్షరాలు సగం అరిగిపోయాయి.
మోకాళ్ల మీద కూర్చుని, కాగితం పరిచి
పెన్సిలుతో రుద్దుతుంటే
బురదలోంచి పీత కాళ్లు బయటపడ్డట్టు
ఒక్కో అక్షరమూ పైకొచ్చింది.

"అందరూ దాన్నే రుద్దుతారు," అంది సువార్తమ్మ.
"ఇటు రా."

ఉత్తరపు గోడలో, నా తలకి కాస్త పైన,
రెండు వేళ్లు పట్టేంత కన్నం.
దూలానికి ఇంకా ఇనప కొక్కేలున్నాయి.
గుడి పొడుగునా గుడ్డ పంకా ఊగేదట.
తాడు ఈ కన్నంలోంచి బయటికి.
బయట అరుగు మీద, తాడు చివర,
వాళ్ల తాత.

"లోపలికి రానిచ్చేవారు కాదా?"
ఏదో దొరికిపోయినట్టు నోటుపుస్తకం తెరిచాను.
ఆమె నవ్వింది.
"రానిచ్చేవారు. వస్తే గాలెవరు విసురుతారు?"

ప్రసంగం చెవిన పడేది, మనుషులు కనపడేవారు కాదు.
వాక్యం సాగేకొద్దీ తాడు కాలి బొటనవేలికి కట్టుకుని
పడుకునే లాగేవాడట.
కునుకు పడితే పంకా ఆగేది,
పంకా ఆగితే దొరగారికి చెమట పట్టేది,
చెమట పడితే "ఆమెన్."
"మా ఊళ్లో సగం ప్రసంగాలు ముగించింది మా తాతే."

పేరడిగాను.
"పంకా యోబు." అసలు పేరేమిటో ఆమెకీ తెలీదు.

బయటికెళ్లి, అరుగెక్కి వేలు పెట్టాను.
కన్నం కింది పెదవికి తాడు ఒరిసిన గాడి,
పళ్లు రాని చిగుళ్లలా నున్నగా.
దానికీ కాగితం ఆనించి రుద్దాను.
మసి తప్ప ఏమీ రాలేదు.
ఇంకోసారి రుద్దాను.

దాని కిందే అరుగు మీద కూలబడ్డాను.
లోపల్నించి సువార్తమ్మ,
"ఏవన్నా వినపడుతోందా?"
"ఆయ్," అన్నాను, వాళ్లలాగే.
కన్నంలోంచి సన్నగా గాలి
నడినెత్తి మీదికి దిగుతోంది.

"ఆదివారం రా. ఫ్యాన్లున్నాయి,
కరెంటే ఉండదు.
ఇక లే, తాళం వెయ్యాలి.
లేసు కొనేవాడు నాలుగింటికొస్తాడు."