శేషం ఒకటి

జీడి పట్టిన వేళ్ళు
ఎంత తోమినా తెల్లబడవు.
తెల్లారే లేచి కొబ్బరినూనె రాసి, శనగపిండితో రుద్ది,
ఫైలు చంకన పెట్టుకుని పలాసలో బస్సెక్కాను.
ఫైల్లో బి.ఇడి. కాగితం, టెట్ మార్కులు,
ఫొటోలు ఆరు.
ఎనిమిదుండేవి, రెండు సోంపేటలో ఉండిపోయాయి.

సోంపేట ఆయన ముందుగా అనుభవం ఎంతన్నాడు.
ఇదే మొదటి ఉద్యోగమండీ అన్నాను.
అనుభవం ఉన్నవాళ్ళే కావాలమ్మా అన్నాడు,
ఈత వచ్చాకే ఏట్లో దిగమన్నట్టు.

నరసన్నపేట ఆవిడ మంచినీళ్ళిచ్చింది.
వేసవంతా ఇంటింటికీ తిరిగి
ఇరవైమంది పిల్లల్ని చేర్పిస్తే
జూన్లో క్లాసు ఇస్తానంది.
ఒరిజినల్సు తన బీరువాలో ఉంటాయంది.
నీళ్ళు తాగి లేచాను.

డీఎస్సీ అంటారా,
పేపర్లో వాన కబురులా వస్తుంది,
మా ఊరి మీంచి కాకుండా పోతుంది.

మూడోది టెక్కలి.
కింద ఎరువుల దుకాణం, మేడ మీద బడి.
మెట్లెక్కుతుంటే యూరియా వాసన.
"అయిదో తరగతి, ఇరవై నిమిషాలు చెప్పండి"
అని కరస్పాండెంటు గారు
వెనక బెంచీలో కూర్చుని ఫోను తీశారు.

బస్సులో నెమరేసుకుంటూ వచ్చిన పాఠం భిన్నాలు.
సంచిలోంచి జీడిగుండు తీసి
రెండు బద్దలు చేసి, ఇది సగం అన్నానో లేదో
"తర్వాత పావు చేస్తారు టీచర్" అంది ముందు బెంచీ పిల్ల.
"సోమారం సారు చపాతీ చింపారు.
మంగళారం టీచరు యాపిలు కోసారు.
నిన్న సారు కాయితం మడతెట్టారు.
భిన్నాలు మాకొచ్చీసినాయి టీచర్."
క్లాసంతా ఒకటే నవ్వు.
నాకూ నవ్వొచ్చింది.
ఉద్యోగం లేనివాళ్ళందరి దగ్గరా
ఒకే పాఠం నేర్చుకున్న క్లాసు అది.

"మరి మీకు రానిదేటి?" అనేశాను.
నోట్సులో లేని మాట, ఇంట్లో మాట, నోరు జారింది.

చివరి బెంచీలో డిల్లేశు లేచాడు,
చొక్కాకి రెండే గుండీలు.
"మాయమ్మ నూటికి మూడ్రూపాయల వడ్డీకి తెచ్చింది టీచర్.
అసలంత వడ్డీ ఎన్నాళ్ళకవుద్ది?"

దీనికి చింపడానికి చపాతీ లేదు.
బి.ఇడి.లో ఇది ఎవరూ చెప్పలేదు.
చెప్పింది మా అమ్మే. నా ఫీజు కట్టిందీ
ఆ మూడ్రూపాయల డబ్బుతోనే.

సుద్దముక్క తీశాను.
నెలకి మూడు. నూరులో మూళ్ళు ఎన్ని?
పది మంది వేళ్ళు మడుస్తున్నారు,
ఒకడు పక్కవాడి వేళ్ళు కూడా అప్పు తీసుకున్నాడు.
ముప్పైమూడు!
వెనక బెంచీ మీద ఫోను బోర్లా పడుకుంది.
బోర్డు మీద రాశాను, శేషం ఒకటి.
"ఆ ఒకటి ఏటవుద్ది టీచర్?" అన్నాడు డిల్లేశు.

గంట కొట్టారు.

"ఫోన్ చేస్తామమ్మా" అన్నారు.
జీతం మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
బస్టాండులో అరచెయ్యి చూసుకున్నాను,
జీడి నలుపు మీద సుద్ద.
పల్లీలు కొనుక్కున్నా
ఎడంచేత్తోనే తిన్నాను.

ఇవాళ మళ్ళీ పిక్కల దగ్గర.
గుండు ఇటు, బద్ద అటు, ముక్క వేరే డబ్బాలో.
పాలిథిన్ కవర్లో చుట్టిన ఫోను
ఒళ్ళో.
"ఏటే హైమా, ఉజ్జోగం వొచ్చీసిందేటి?"
తవిటమ్మ పెద్దమ్మ అడిగింది.
ఫోను చేస్తారట అన్నాను.
"సేత్తామన్నోడు సెయ్యడే"
చేతిలో పిక్క కొడుతూ, తలెత్తకుండానే అంది.

నా దిగులు ఫోను గురించి కాదు.
అబద్ధం. దాని గురించీ ఉంది.
కానీ ఈ పాటికి ఆ క్లాసులో ఇంకెవరో
వణుకుతూ కమలాపండు వొలుస్తుంటారు.
బోర్డు తుడవబోయే ముందు
ఆ ఒకటి సంగతి డిల్లేశు అడిగితే బాగుణ్ణు.

అడక్కపోయినా పర్లేదు.
ఒకటిని మూడు చేస్తే మూడో వంతు,
నెలలో మూడో వంతు పది రోజులు.
ఆపాటి వాళ్ళే చేసుకుంటారు.
భిన్నాలు వాళ్ళకి వచ్చు.
చాలామందిమి చెప్పాం.