కూత ఆగిన చోట

సండేస్కూలు టీచరమ్మకు జ్వరమొచ్చి
ఈ వారం పిల్లల్ని నాకు అప్పజెప్పినారు.
నాపరాయి పాలిష్ మిషన్ తిప్పేవాణ్ణి,
రక్షణ గురించి నేనేం చెప్పేది?
ఎర్రగుంట్ల గుడిలో చల్లటి బండల మీద
పద్దెనిమిది మంది, ముప్పై ఆరు కండ్లు.
కృపను గురించిన వాక్యం చదివినా.
ఒకడు ఆవులించినాడు.
బైబిలు మూసి, చెడుగుడు ఎత్తుకున్నా.

ముద్దనూరు టోర్నమెంటు.
గీతలకు సున్నం గాదు, మా ఫ్యాక్టరీ తెల్లపొడే,
చెమట తగిలితే వొంటికి అంటుకునేది.
మొదటి కూతకే సచ్చినా.
ఎవరూ పట్టలేదు. చెప్పుకోను సిగ్గు.
చప్పట్లు కొడుతున్న వైపు చూస్తా చూస్తా
నా అంతట నేనే పక్కగీత దాటినా.

మన ఆటలో మాటలు చూడండి పిల్లలూ.
అవుటైనోణ్ణి ఓడినాడు అనరు,
సచ్చినాడు అంటారు.
తిరిగి లోపలికొస్తే
బతికినాడు అంటారు.
ఈ మాటలు పెట్టినోడు ఏ గుడి మెట్లూ ఎక్కకపోయుండొచ్చు.

సచ్చినోడు ఏం చేయగలడు?
వరుసలో కూచుంటాడు.
నేను ఊరుకోలేదు.
గీత బయట బస్కీలు తీసినా, తొడ కొట్టినా,
తప్పు నాది కాదని రెఫరీతో వాదం పెట్టుకున్నా.
బస్కీలకు పాయింటు రాయరు.
ఆయన పెన్ను మూత కూడా తీయలేదు.

ఒక్కొక్కరే వచ్చి నా పక్కన కూచున్నారు, ఆరుగురమైనాం.
లోపల మిగిలింది జక్కరయ్య ఒక్కడు.
సన్న కాళ్లు, క్వారీలో సమ్మెట కొట్టిన భుజాలు.
మా వైపు ఒకసారి చూసినాడు. తిట్టలేదు.
వంగి మట్టి ముట్టుకొని
ఏడుగురి మధ్యకు ఒక్క ఊపిరితో పోయినాడు.
నేనూ ఊపిరి బిగబట్టినా,
దాంతో ఆయనకు ఒరిగిందేమీ లేదు.
ఒకడు మడమ పట్టినాడు, ఇద్దరు నడుం మీద పడినారు.
మనిషి మట్టిలో,
చెయ్యి గీత మీద,
వేళ్ల కొనలు తెల్లగా.

విజిల్. ముగ్గురు బతికినారు.
ముందు సచ్చినోడే ముందు లేస్తాడు, అదీ రూలు.
అందరికంటే తెలివిమాలిన చావు నాది,
మొదట పిలిచింది నన్నే.
ఎట్ల సచ్చినావని ఎవరూ అడగలేదు.
నిక్కరు దులుపుకొని లోపలికి నడిచినా.
కృప అంటే ఇదే పిల్లలూ, అన్నా.
నేను బాగా చెప్పినాననే అనుకున్నా.

వెనక వరుసలో హెప్సిబా చెయ్యెత్తింది.
సంజీవి కూతురు, మోకాలికి కట్టు,
హైస్కూలు టీంలో రైడరంట.
"జక్కరయ్య తాత గీత ముట్టేదాకా కూత ఆపలేదు గదా మామా?"
"ఆపలేదు."
"యేసయ్య కూత అవతలి కోర్టులోనే ఆగిపోయె గదా.
కూత ఆగితే అవుటే. ఒక్కరూ బతకరు."

ఫ్యాను తిరుగుతాంది.
సిమెంటు గూడ్సు ఒకటి స్టేషన్ దాటి పోయింది,
పెట్టెలన్నీ లెక్కపెట్టేంత సేపు.
మూడో దినం సంగతి నాలిక మీదికొచ్చింది,
మింగేసినా. పాప అడిగింది ఆదివారం గురించి గాదు,
శుక్రవారం గురించి.

చెడుగుడు అక్కడిదాకే వస్తుందమ్మా, అన్నా.
మన కోర్టులో కూత నిలిపినోడే బతికిస్తాడు.
ఆయన కూత ఆగిందానికే మనం లేచినాం.
ఏ లెక్కలో రాస్తారో ఆ పాయింటు, నాకు తెలీదు.
హెప్సిబా తల ఊపలేదు.
నచ్చింది నాకు, ఆ ఊపకపోవడం.

జక్కరయ్య పోయినేడు పోయినాడు.
రాతి దుమ్ము రొమ్ములో గడ్డకట్టి
ఆఖర్న నాలుగు మాటలకు ఊపిరి చాలేది కాదు.
మంచం పట్టి మీద కూచోని నేనేడుస్తాంటే
వేలు ఎత్తినాడు, గోరు కింద ఇంకా తెల్లపొడి.
"ఏడవగాకురా...
నేనూ... వరుసలో... కూచుంటా."

రైలు కట్ట అవతల, మా సమాధుల్లో,
ఆ వరుసలో ఆయనది చివరిది.
పక్కన ఇంకా జాగా ఉంది.